ఎండ ఊరు: తలుపు నెత్తిన రంగు

పోయిన వారం మన పెయింటర్ కుటుంబాన్ని కొత్త ఊళ్లో, కొత్త ఇంటి గుమ్మం ముందు, చేతిలో రెండు సంచులతో నిలబెట్టి వచ్చేశాం. సామాను లారీ ఇంకా దారిలోనే ఉంది. వెనక్కి పోదామంటే వెనక ఏమీ మిగల్లేదు. చలి ఊళ్లో అద్దె ఇల్లు ఖాళీ చేశారు, చేతిలో ఉన్న పనులు వేరే పెయింటర్లకు అప్పజెప్పారు, ఉన్ని కోట్లు సైతం ఇరుగుపొరుగుకు పంచిపెట్టారు. ఇదంతా ఎనిమిదేళ్ల చిట్టి ఊపిరి కోసం. అక్కడ చలి మొదలైతే చాలు, పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. "మందులు నేనివ్వగలను, ఎండ ఇవ్వలేను. ఎక్కడికైనా వెచ్చటి ఊరికి పొండి" అని పిల్లల డాక్టరు చేతులెత్తేశాడు.

వెచ్చటి ఊళ్లకు లోటేముంది, బోలెడు. కానీ వెచ్చగా ఉండి, అద్దె మనకు అందేటట్టుండి, దగ్గర్లో బడీ ఆసుపత్రీ ఉండి, గోడలకు రంగులేయించుకునే జనం కూడా ఉన్న ఊరు కావాలంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. ఏడాది పాటు ఆ ఇంట్లో భోజనాల దగ్గర మరో మాట లేదు. ఒక ఊళ్లో నీళ్లకు కటకట. ఒక ఊళ్లో అద్దె వింటేనే జ్వరం వస్తుంది. ఇంకో ఊళ్లో అన్నీ బాగున్నాయి, బడి తప్ప. అలా కొట్టేయగా కొట్టేయగా రెండు మిగిలాయి. ఒకటి నది ఒడ్డున ఉన్న ఊరు, రెండోది ఈ ఊరు. పెయింటర్ భార్య మనసంతా నది ఊరి మీదే ఉండేది. పెయింటర్ పని మీద అటు వెళ్లి వారం ఉండి వచ్చి, "సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. చెట్ల ఆకులు కూడా బూడిద రంగులో ఉన్నాయి. ఆ దుమ్ములోకి పిల్లను తీసుకెళ్తే మన చేతులతో మనమే దాని గొంతు నొక్కినట్టు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె నది ఊరి ఆశ వదులుకుంది.

ఆమెను పెయింటర్ "మేస్త్రీ" అని పిలుస్తాడు. పెళ్లయిన కొత్తలో ఎగతాళికి పెట్టిన పేరు, పోను పోను నిజమై కూర్చుంది. గోడకు ఆయన వేస్తే రంగు ఆమె కలుపుతుంది. పుట్టీ ఆయన పెడితే ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేసేది ఆమె. పని అయ్యాక ఆమె అరచేత్తో గోడంతా తడిమి, సరే అనేదాకా ఆయన డబ్బాకు మూత పెట్టడు.

ఆ మేస్త్రీ ఈ పొద్దున లేస్తూనే, నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్న చిట్టి వీపుకు చెవి ఆనించింది. అది రోజూ ఉన్నదే. రోజూ వినిపించే కూత మాత్రం ఇవాళ వినిపించలేదు. నమ్మకం కుదరక ఇంకోవైపు ఆనించింది. గాలి ఏ అడ్డూ లేకుండా లోపలికి పోతోంది, వస్తోంది. ఆమెకు ముందు భయమేసింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. పక్కన గురక పెడుతున్న మొగుడి జుట్టు చెరిపి, "నువ్వు తెచ్చిన ఊరు మంచిదేనయ్యా" అంది. ఆయన నిద్రలోనే "ఊఁ" అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఆమె మధ్యాహ్నం కాకముందే నాలుక కరుచుకోవాల్సి వచ్చింది.

ఒకే ప్రహరీ లోపల రెండు ఇళ్లు. ముందు ఇల్లు ఇంటివాళ్లది, దానికి తాళం. ఇంటావిడ రిటైరైన పంతులమ్మ అనీ, ఊళ్లో లేదనీ పెయింటర్ చెప్పాడు. వెనక ఇల్లు వీళ్లది. రెండు గదులు, ఓ వంటగది, ముందు సిమెంటు వాకిలి. కిటికీలకు ఎక్కడా కాగితం పట్టీలు అంటించలేదు, ఎందుకంటే ఇక్కడ బయటి గాలికి భయపడే పనిలేదు. పొద్దున్నే ఎండ ఎవరినీ అడక్కుండా లోపలికి వచ్చి గది మధ్యలో కూర్చుంది. పెయింటర్ రొట్టె తేవడానికి బజారుకు వెళ్లాడు. చిట్టి వాకిట్లో చెప్పుల్లేకుండా గంతులేస్తోంది. మేస్త్రీ కొంగు దోపుకుని, బకెట్లో గుడ్డ ముంచి, దుమ్ము పని పట్టింది. కొత్త ఇంట్లో ఆమె దుమ్ము తుడవడం నేల నుంచి మొదలుపెట్టదు, పై నుంచి మొదలుపెడుతుంది. పిల్ల ఛాతీకి అసలు శత్రువు ఎవరూ చూడని ఎత్తున పేరుకుంటుందని ఆమెకు తెలుసు.

బకెట్టు బోర్లించి, దాని మీదెక్కి, పడకగది తలుపు పై అంచు మీద తడిగుడ్డ వేసి లాగింది. గుడ్డ జర్రున జారిపోయింది.

ఆమె చెయ్యి అక్కడే ఆగింది. తలుపు పై అంచున గుడ్డ జారకూడదు. అక్కడ ఉండేది వట్టి చెక్క. పీచు లేచి ఉంటుంది, గుడ్డ పోగులు పట్టుకుంటాయి. తలుపుకు రంగేసే ఏ పెయింటరూ దాని నెత్తిన వేయడు. ఎవడు ఎక్కి చూడొచ్చాడు గనక? ఈమె మొగుడూ ఒకప్పుడు వేసేవాడు కాదు. చలి ఊళ్లో చెమ్మకు తలుపులు ఉబ్బి చౌకట్లలో ఇరుక్కుపోయి, వేయించుకున్నవాళ్లు ఇంటికొచ్చి మరీ తిట్టిపోస్తుంటే, నీరు ఎక్కుతున్నది పై అంచు నుంచీ కింది అంచు నుంచీ అని కనిపెట్టింది మేస్త్రీయే. ఆ రోజు నుంచి ఎంత చిన్న పనైనా తలుపు ఊడదీసి, పైనా కిందా రెండేసి కోట్లు వేస్తే గానీ ఆమె ఊరుకోలేదు. తోటి పెయింటర్లు "మీ ఇంట్లో పక్షులకు కూడా రంగు చూపిస్తారా" అని ఏడిపించేవారు. పెయింటర్ గొణుక్కుంటూ వేసేవాడు. తర్వాత్తర్వాత గొణగడం పోయింది, చేతికి అలవాటైపోయింది.

కానీ ఇక్కడ ఆ పనెవరికి కావాలి? ఈ ఎండకు తలుపు ఎండి బీటలివ్వాలే తప్ప ఉబ్బే ప్రశ్నే లేదు.

ఆమె దిగి నేల మీద బోర్లా పడుకుంది. తలుపు కింద సందులో వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. నున్నగా ఉంది. వంటగది తలుపు దగ్గరకు వెళ్లింది, అదీ అంతే. వీధి తలుపూ అంతే. చిట్టి తలుపు సందులోంచి చూసి, "అమ్మా, నేల మీద ఏం వెతుకుతున్నావ్?" అంది. "ఏం లేదురా, నువ్వు ఆడుకో" అంది ఆమె, లేవకుండానే.

అలా పడుకునే ఉండి, తల తిప్పి ఎదుటి గోడను చూసింది. నిన్న సాయంత్రం వచ్చినప్పుడు ఏదో పసుపు అనుకుని వదిలేసిన గోడ, ఇప్పుడు నిండు ఎండలో ఉంది. లేత పసుపు, కానీ కళ్లలో గుచ్చుకోని పసుపు. అందులో చిటికెడు నలుపూ, అంతకంటే తక్కువ ఎరుపూ పడితే తప్ప అలా రాదు. ఆ చిటికెలు ఎవరివో ఆమెకు తెలుసు. ఈ చలికాలం పోతూ ఉండగా, ఒక బడిలో పిల్లల గదికని పెయింటర్ దగ్గర కూర్చుని కలిపించుకున్నాడు. "పిల్లలుండే గది మేస్త్రీ, చూడగానే వెచ్చగా అనిపించాలి" అన్నాడు. ఆమె ఒక మధ్యాహ్నమంతా డబ్బా ముందు కూర్చుని, మూత మీద పూసి చూసుకుంటూ కలిపింది. ఆ ఊరి మసక వెలుతురులో అది గంజిలా కనబడి అసంతృప్తిగానే ఇచ్చింది. ఆ డబ్బాలు పట్టుకుని ఆయన బయల్దేరాడు. బడి పని చూసుకుని, అటు నుంచి అటే నది ఊరు కూడా చూసొస్తానన్నాడు. వారం తర్వాత వచ్చి సిమెంటు ఫ్యాక్టరీ గురించి చెప్పాడు.

మేస్త్రీకి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఇంత వెచ్చటి ఊళ్లో, ఎండలో పడుకుని, చల్లబడ్డాయి.

మొగుడి మీద నమ్మకం ఒక్క దెబ్బకు పోదు కదా. ఆయన తరఫున వకీలు ఆమే అయి వాదించుకుంది. ఏదో పని దొరికింది, వేశాడు, తప్పేముంది. ఇల్లు నచ్చింది, మనకోసం అడిగి ఉంచాడు. మరి ఆ మాట చెప్పడానికి నోరేమైంది? నిన్న ఈ వాకిట్లో నిలబడి, "ఇదేనేమో చూద్దాం పద" అని తాళం రెండుసార్లు తప్పుగా తిప్పినట్టు నటించాడే, అదెందుకు? ఆ ప్రశ్న దగ్గర వకీలు కూర్చుండిపోయాడు.

పెయింటర్ రొట్టె, అరటిపళ్లు, టీ పొడి పొట్లం పట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడ రొట్టె ఎంత చవకో చూశావా మేస్త్రీ. ఇదే డబ్బుకు అక్కడ సగం కూడా రాదు."

"ఈ ఇంటికి రంగులు వేసిందెవరు?"

"నాకేం తెలుసు. ఇంటావిడ ఎవరితోనో వేయించుకుని ఉంటుంది."

"బాగా వేశాడు."

"ఆ, పర్లేదు. చెయ్యి తిరిగినవాడే."

"తలుపు నెత్తిన కూడా వేశాడు."

ఆయన అరటిపళ్లు కిటికీలో పెట్టబోతూ ఆగాడు. పెట్టాడు. మళ్లీ తీసి ఇంకోవైపు పెట్టాడు.

"కింద కూడా వేశాడు," అంది ఆమె. "ఊడదీసి మరీ వేశాడు పాపం. గోడకేమో నేను కలిపిన రంగు."

పెయింటర్ టీ పొడి పొట్లం అందుకున్నాడు. టీ పెట్టనా అన్నాడు. స్టవ్వు లారీలో ఉందని ఆమె గుర్తుచేసింది. చివరికి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నేనే వేశాను."

"అది తెలిసింది. ఇల్లెవరిదో చెప్పు."

"చెబితే అరవకూడదు."

"అరవను."

"మీ అక్కది."

ఆమె అన్నట్టే అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

అక్క అనే మాట వాళ్లింట్లో వినబడి ఎనిమిదేళ్లయింది. చిట్టి కడుపులో ఉండగా, మేస్త్రీని డాక్టరు మంచం దిగొద్దన్న రోజుల్లో, వేరే ఊళ్లో ఉన్న ఆమె తండ్రి జబ్బుపడ్డాడు. రెండు నెలలు మంచం మీదే ఉండి పోయాడు. అక్క పక్కనే ఉండి చూసుకుంది. చెల్లెలికి మాత్రం ఆ సంగతి అంతా అయిపోయాక, తండ్రిని సాగనంపాక తెలిసింది. "మీ అక్క ఇప్పుడు ఫోన్ చేసి చెప్పింది. కడుపుతో ఉన్నదానివి తట్టుకోలేవని ఇన్నాళ్లూ చెప్పలేదట" అని పెయింటర్ తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. తండ్రి ఆఖరి చూపు దక్కకుండా చేసిన మనిషి మొహం ఈ జన్మలో చూడనని ఆమె ఆ మంచం మీదే ఒట్టేసుకుంది. అక్క ఆ తర్వాత ఏ ఊరికి మారిందో కనుక్కోలేదు. కనుక్కుని ఉంటే, ఈ ఊరు మొదటి రోజే కొట్టేసేది.

"కిందటి చలికాలం చిట్టి పెదాలు నీలంగా అయిపోయాయి చూడు," అన్నాడు పెయింటర్. "ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నాకు తోచింది ఒక్కటే. వాకబు చేసి ఫోన్ చేశాను. మీ అక్క ఇక్కడ పిల్లల వార్డులో నర్సు. ఇల్లు ఖాళీగా ఉంది, వచ్చేయండి అంది. అద్దె కూడా అందుకే అంత తక్కువ. పంతులమ్మ లేదు, ఎవరూ లేరు."

"నది ఊరికి వెళ్లావా?"

"లేదు."

"అక్కడ సిమెంటు ఫ్యాక్టరీ?"

"ఉందో లేదో నాకు తెలీదు."

మేస్త్రీకి నవ్వొచ్చింది, ఎందుకొచ్చిందో తెలియదు. లేని ఫ్యాక్టరీకి భయపడి ఆమె ఎన్నిసార్లు దేవుడికి దండం పెట్టుకుందో. ఏడాది పాటు ఇద్దరూ కలిసి ఊరు వెతుక్కున్నామనుకుంది. ఆమె ఒక్కతే వెతికింది. ఆయనకు ఊరు ఎప్పుడో దొరికింది, మిగతా ఊళ్లన్నీ ఆమె ముందు వరసగా పేర్చి, ఒక్కొక్కటీ పడగొట్టుకుంటూ వచ్చాడు. ఆ ఆటలో ఆమె ఎంత బుద్ధిగా ఆడిందో తలుచుకుంటే ఒళ్లంతా కారం రాసినట్టయింది.

"అడిగితే ఒప్పుకునేదానివా? నిజం చెప్పు," అన్నాడు ఆయన.

"ఒప్పుకునేదాన్ని కాదేమో. ఆ కాదనడం నాది. దాన్ని నువ్వెందుకు తీసేసుకున్నావు?"

"చిట్టి కోసం."

"మా అక్క కూడా అప్పుడు నా కోసమే అంది. నా మంచి కోరేవాళ్లతో నాకు చచ్చే చావొచ్చింది."

సరిగ్గా అప్పుడే చిట్టి పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చింది. వాకిలి ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క ఊపున, ఎక్కడా ఆగకుండా. పిల్ల అలా పరిగెత్తడం తల్లి చూడలేదు ఎప్పుడూ. అలవాటు కొద్దీ దాన్ని దగ్గరకు లాక్కుని వీపుకు చెవి ఆనించింది. గుండె టకటకా కొట్టుకుంటోంది, అంతే. కూత లేదు. ఈ ఇల్లు వదిలి ఇప్పుడే బస్సెక్కేద్దామని నాలుక చివరి దాకా వచ్చిన మాటను ఆ నిశ్శబ్దం అక్కడే ఆపేసింది.

"అమ్మా, వెనక గోడ దగ్గర ఊయల ఉంది. పెద్దమ్మ చెప్పినట్టే ఎర్రది..."

చిట్టి టక్కున నోరు మూసుకుని నాన్న వైపు చూసింది. నాన్న గోడ వైపు చూశాడు.

"పెద్దమ్మ నీకెప్పుడు చెప్పింది తల్లీ?" అని అడిగింది మేస్త్రీ, మెల్లగా.

"ఆసుపత్రిలో. నువ్వు ఇంటికెళ్లి పడుకున్నప్పుడు వచ్చింది. నాకు జుట్టు దువ్వింది." పిల్ల గొంతు సన్నబడింది. "నీకు చెప్పొద్దని నాన్న అన్నాడు. చెబితే మనం ఎండ ఊరికి వెళ్లలేమన్నాడు."

మొగుడు అబద్ధమాడాడంటే మొగుడితో పోట్లాడుకోవచ్చు. కడుపున పుట్టిన పిల్ల, తన ఒళ్లో పడుకుని, తన చేతి మందు తాగుతూ, తన దగ్గరే మాట దాచుకుంది. ఊపిరి తీయడానికే ఆయాసపడే పిల్ల నెత్తిన ఇంత బరువు పెట్టాడు ఈయన. మేస్త్రీకి కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"నీ తప్పేం లేదు," అని పిల్లను ముద్దు పెట్టుకుని, మొగుడితో అంది, "విను. ఇక్కడే ఉంటాం. దాని ఊపిరి కోసం ఉంటాం, నీ మొహం చూసి కాదు. ఆవిడ ఇంటావిడ, నేను అద్దెకున్నదాన్ని. అంతవరకే. అక్కా చెల్లీ అని ఎవరూ నాటకాలాడొద్దు."

"నీ ఇష్టం మేస్త్రీ."

"ఆ పేరుతో పిలవకు."

పెయింటర్ ఒక అరటిపండు తుంచి చిట్టి చేతికిచ్చాడు. "ఒక్కటే అడుగుతాను. మామయ్య సంగతి మాత్రం మీ అక్క దగ్గర ఎత్తకు. తనకీ చెప్పాను, ఎత్తొద్దని. పాతది తవ్వితే పిల్ల ముందు గొడవ."

ఆయన మొహంలో కంగారు చూసి గొడవంటే భయపడుతున్నాడనుకుంది ఆమె. మనిషి పిరికివాడని ఆమెకు ముందే తెలుసు. పిరికితనానికి అడుగు ఎక్కడుందో మాత్రం ఇంకా తెలియదు.

గేటు చప్పుడైంది. అక్క డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల యూనిఫాంలోనే ఉంది. జుట్టు సగం నెరిసింది. నడక మాత్రం అదే, కాలు కాస్త లోపలికి వేసే నాన్న నడక. చిట్టి పరిగెత్తబోయి, తల్లిని చూసి ఆగిపోయింది. ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు.

"సామాను రాలేదా?" అంది అక్క.

"దారిలో ఉందండీ," అంది మేస్త్రీ.

ఆ 'అండీ' అక్క మొహాన తగిలింది. అయినా చెదరలేదు. "సరే. అలాగే ఉందాం. నేనూ నీతో మాట్లాడకూడదనే అనుకున్నాను. పిల్ల కోసం ఇల్లిచ్చాను, అంతే."

మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. కాసేపటి క్రితం వేసుకున్న గీత తనే దాటేసింది. "నువ్వు అనుకోవడమేంటి మాట్లాడకూడదని? చేసిందంతా చేసి?"

"వదినా," అన్నాడు పెయింటర్, "లోపలికి రండి, ముందు కాసిని మంచినీళ్లు..."

"ఉండండి మరిదిగారూ. నేను ఎత్తొద్దనే అనుకున్నాను, మీకు మాటిచ్చాను కూడా. కానీ చేసిందంతా చేసి అంటే ఊరుకోలేను." అక్క చెల్లెలి వైపు తిరిగింది. "రెండు నెలలు మంచంలో ఉన్న మనిషి. ఆఖరి వారమంతా గేటు చప్పుడైతే చాలు, చిన్నది వచ్చిందా అని అడిగేవాడు. నీకు మనసెలా ఒప్పింది రానని చెప్పడానికి?"

"రానన్నానా? ఎవరితో అన్నాను?"

"రోజూ ఫోన్ చేశానే. నువ్వు ఒక్కసారి తీయలేదు. మీ ఆయనే తీసేవాడు. 'చెప్పాను వదినా, రానంటోంది, ఇంక అడిగి బాధపెట్టకండి' అన్నాడు. కావాలంటే అడుగు, పక్కనే ఉన్నాడుగా."

అక్క తన మాటలు తనే ఇంకోసారి విన్నట్టుగా, చెల్లెలి మొహం నుంచి మరిది మొహానికి చూపు తిప్పింది. ఆమెకూ అప్పుడే అర్థమవడం మొదలైంది. ఎనిమిదేళ్లు ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ గడిపారు. ఇద్దరి మధ్య ఫోను పట్టుకుని నిలబడినవాడు ఒక్కడే.

పెయింటర్ పిల్ల వైపు తిరిగాడు. "చిట్టీ," అన్నాడు, "నువ్వు వెనక్కెళ్లి ఊయల ఊగు తల్లీ."

చిట్టి కదలబోయింది. మేస్త్రీ పిల్ల చెయ్యి పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది.

"ఎక్కడికీ వెళ్లదు. మాట దాచడానికి సరిపోయిన వయసు, వినడానికి సరిపోదా? దాని ముందే చెప్పు. మా నాన్న నన్ను అడుగుతుంటే, నేను రానన్నానని ఎందుకు చెప్పావు?"